హౌజ్ ఖాస్ గట్టున స్థానిక చరిత్రకు ఒక చోటు కావాలి

బహిరంగ లేఖ

భారత పురావస్తు సర్వేక్షణ శాఖ డైరెక్టర్ జనరల్ గారికి,
ఢిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ) వైస్ చైర్మన్ గారికి,
ఢిల్లీ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి

విషయం: హౌజ్ ఖాస్ చెరువు పరిసరాల్లో ఇప్పటికే ఉన్న ఒక కట్టడాన్ని స్థానిక చరిత్ర మ్యూజియంగా మార్చవలసిందిగా విజ్ఞప్తి.



దక్షిణ ఢిల్లీలోని హౌజ్ ఖాస్ చెరువు డీడీఏ నిర్వహించే ఉద్యానవనంలో భాగంగా ఉంది; దాని గట్టు మీద 14వ శతాబ్దంలో వెలసిన మదరసా, అంటే ఇస్లామీయ శాస్త్రాలు బోధించిన ఉన్నత విద్యాలయం, పురావస్తు శాఖ రక్షణలో ఉంది; దాన్ని ఆనుకుని పెరిగిన హౌజ్ ఖాస్ గ్రామమూ, నడిచి వెళ్లగలిగే దూరంలో ఐఐటీ చుట్టుపక్కల ఉన్న జియా సరాయ్, బేర్ సరాయ్, కట్వారియా సరాయ్, కాలూ సరాయ్ వంటి పూర్వపు పల్లెలూ నగరపాలక సంస్థ పరిధిలోకి వస్తాయి. నీరు ఒకరి చేతిలో, రాయి ఒకరి చేతిలో, ఊరు ఒకరి చేతిలో ఉండడం పరిపాలనకు సౌకర్యంగానే ఉండవచ్చు గాని, ఈ మూడింటినీ కలుపుతూ ఏడు వందల ఏళ్లుగా నడిచిన చరిత్రను ఒక్కచోట చెప్పే బాధ్యత మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది. మూడు సంస్థలూ ఆ బాధ్యతను ఉమ్మడిగా స్వీకరించాలని కోరడమే ఈ లేఖ ఉద్దేశం. జియా సరాయ్‌లో గదులు అద్దెకు తీసుకుని పోటీ పరీక్షలకు చదివిన తెలుగు విద్యార్థులకు కూడా, వారిలో చాలామందికి తెలియకపోయినా, ఈ చరిత్రలో సొంత వాటా ఉంది గనుక ఈ విజ్ఞప్తి తెలుగులో వెలువడుతోంది.

ముందుగా చెరువు సంగతి చెప్పుకోవాలి. 13వ శతాబ్దం చివరి సంవత్సరాల్లో ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీ, తాను కట్టించబోయే సిరి నగరపు జనానికి నీరు అందేలా, వాననీటిని పట్టి నిలిపే పెద్ద తటాకాన్ని ఇక్కడ తవ్వించాడు. ఆయన పేరు మీద దాన్ని హౌజ్-ఎ-అలాయీ అన్నారు. మొదట్లో దాని విస్తీర్ణం సుమారు 120 ఎకరాలని అంచనా. ఇప్పుడు మిగిలింది 15 ఎకరాలకు కాస్త అటూ ఇటూ. 1330లలో ఢిల్లీకి వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబన్ బతూతా ఈ చెరువు చుట్టూ నలభై మంటపాలు ఉన్నాయనీ, ఆ పరిసరాల్లో గాయకులు, వాద్యకారులు నివసించే తరబాబాద్ అనే పేట ఉందనీ, దానికి సొంత బజారు, మసీదులు ఉన్నాయనీ రాశాడు. 1398 డిసెంబరులో ఢిల్లీ సైన్యాన్ని ఓడించిన తైమూర్ విడిది చేసింది కూడా ఈ చెరువు దగ్గరే. సంగీతం వినిపించిన గట్టు మీదే, ఒక తరం గడిచాక విద్యార్థుల పాఠాలూ, మరో తరం గడిచాక దండయాత్ర సేనల గుడారాలూ వెలిశాయి. ఢిల్లీ సుల్తానుల కాలాన్ని ఒకే చోట నిలబడి అర్థం చేసుకోగలిగిన తావులు నగరంలో ఇలాంటివి చాలా తక్కువ.

ఇబన్ బతూతా చూసి వెళ్లిన కొద్ది కాలానికే చెరువు పూడిపోయింది. 1351లో గద్దెనెక్కిన ఫిరోజ్ షా తుగ్లక్ తన పాలన గురించి స్వయంగా చెప్పుకున్న ఫుతూహాత్-ఎ-ఫిరోజ్‌షాహీలో, ఈ చెరువులో చుక్క నీరు లేకుండా పోయిందనీ, జనం దాని గర్భంలో సేద్యం చేస్తూ బావులు తవ్వి ఆ నీటిని అమ్ముకుంటున్నారనీ, తాను పూడిక తీయించి మళ్లీ నింపించాననీ పేర్కొన్నాడు. పూర్వ రాజులు కట్టించినవాటిని బాగుచేయించడం కొత్త కట్టడాల కన్నా ముందు చేయవలసిన పని అన్న భావం కూడా ఆ గ్రంథంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆరు శతాబ్దాల తర్వాత అదే కథ పునరావృతమైంది: 1960ల నాటికి చెరువు మళ్లీ ఎండిపోగా, 2000వ దశకం మొదట్లో వసంత్ కుంజ్ శుద్ధి కేంద్రంలో శుభ్రపరిచిన నీటిని మళ్లించి దాన్ని పునరుద్ధరించారు. పూడిక, ఆక్రమణ, పునరుద్ధరణ అనే ఈ చక్రం ఒక చెరువుకు పరిమితమైనది కాదు. నగరాలు విస్తరించిన ప్రతిచోటా చెరువులు ఎదుర్కొన్న, ఎదుర్కొంటున్న పరిస్థితి ఇదే. హైదరాబాదు, విశాఖపట్నం నుంచి వచ్చిన విద్యార్థికి దీన్ని విడమరచి చెప్పనవసరం లేదు. అయితే హౌజ్ ఖాస్ గట్టు మీద నడిచే సందర్శకుడికి ఈ నీరు రెండుసార్లు పోయి రెండుసార్లు తిరిగి వచ్చిందని, రెండోసారి ఏ దారిన వచ్చిందని వివరంగా చూపే చోటు లేదు.

చెరువు బాగుపడ్డాక, 1352 ప్రాంతంలో, ఫిరోజ్ షా దాని దక్షిణ, తూర్పు గట్ల వెంట మదరసాను కట్టించాడు. రెండు వరుసలు కలిసే మూలలో ఆయన సమాధి ఉంది. ఈ కట్టడం అమరికను దగ్గర నుంచి చూస్తేనే దాని గొప్పతనం తెలుస్తుంది. లోపలి ఆవరణ నుంచి చూసినప్పుడు ఒకే అంతస్తుగా కనిపించే భవనం, చెరువు వైపు నుంచి చూసినప్పుడు రెండు అంతస్తులుగా నీటి మీదికి దిగుతుంది; పై అంతస్తులో స్తంభాల వరుసలతో, గుమ్మటాలతో గాలి ధారాళంగా వీచే విశాలమైన మంటపాలు ఉంటే, కింది అంతస్తులో తల వంచి లోపలికి వెళ్లవలసిన చిన్న చిన్న గదులు ఉన్నాయి. మంటపాల్లో పాఠాలు సాగేవనీ, గదుల్లో విద్యార్థులు బస చేసేవారనీ పండితుల అభిప్రాయం. గోడల్లో గూళ్లు ఉన్నాయి. నీటి వైపు రాతి ఆధారాల మీద ముందుకు పొడుచుకు వచ్చిన ఝరోకాలు, అంటే గవాక్ష మంటపాలు ఉన్నాయి. గట్టు నుంచి నీటిలోకి దిగే ఇరుకు మెట్లు ఉన్నాయి. ఖురాన్ వ్యాఖ్యానం, హదీసు అనే ప్రవక్త సంప్రదాయాల అధ్యయనం, ఫిఖ్ అనే ధర్మశాస్త్రం ఇక్కడ బోధించేవారు. బోధకులకూ విద్యార్థులకూ రాజ్యం నుంచి భృతి అందేది. సమాధి వాకిలి ముందున్న రాతి కంచె నిలువు స్తంభాలతో, అడ్డ కమ్ములతో సాంచీ స్తూపం చుట్టూ ఉన్న వేదికను తలపిస్తుంది. ఇస్లామీయ కట్టడంలో పాత భారతీయ శిల్పుల పనితనం నిలిచి ఉన్న ఇలాంటి చోట్లను చూపి వివరించే మనిషి గానీ పటం గానీ ఉంటే, చూసి వెళ్లిపోయే కన్ను ఆగి ఆలోచిస్తుంది.

ఇక తెలుగువారికి ఈ గట్టుతో ఉన్న సంబంధాన్ని ప్రస్తావించాలి. చెరువు తవ్వించిన అల్లావుద్దీన్ సేనలే మాలిక్ కాఫుర్ నాయకత్వంలో 1310లో ఓరుగల్లును ముట్టడించి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి చేత కప్పం కట్టించాయి. 1323లో, తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా గద్దెనెక్కిన ఉలుగ్ ఖాన్, ఓరుగల్లును పూర్తిగా లొంగదీసుకున్నాడు. బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరాన మరణించాడని ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతోంది. ఆ రాజు ఢిల్లీ చేరలేదు గాని, ఆయన కొలువులోని ఒక ఉన్నతాధికారి చేరాడు. ఆ కాలపు చరిత్రకారుడు షమ్స్ సిరాజ్ అఫీఫ్ కథనం ప్రకారం, తెలంగాణ రాజు దగ్గర మన్ననలు పొందిన ఆ వ్యక్తి ఇస్లాం స్వీకరించి మాలిక్ మక్బూల్ అయ్యాడు. తెలుగు కవి మారన తన మార్కండేయ పురాణాన్ని అంకితమిచ్చిన నాగయ గన్నసేనాని, ఈ మక్బూల్ ఒక్కరేనని కొందరు చరిత్రకారులు భావిస్తారు. మహమ్మద్ బిన్ తుగ్లక్ పక్షాన ఓరుగల్లును పాలించడానికి తిరిగి వెళ్లిన మక్బూల్‌ను 1330ల మధ్యలో ముసునూరి కాపయ నాయకుడు తరిమివేశాడు. ఆ తర్వాత ఫిరోజ్ షాకు వజీరు, అంటే ప్రధానమంత్రి అయి, ఖాన్-ఎ-జహాన్ అనే బిరుదుతో, సుల్తాను బెంగాలుకూ ఒడిశాకూ సింధుకూ దండయాత్రలకు వెళ్లి నెలల తరబడి రాజధానికి దూరంగా ఉన్నప్పుడు రాజ్యాన్ని నడిపించాడు. చదవడం, రాయడం రాకపోయినా అసాధారణ బుద్ధిశాలి అని అఫీఫ్ ఆయన గురించి రాశాడు.

ఈ లెక్కన హౌజ్ ఖాస్ మదరసా వెలసిన రోజుల్లో ఢిల్లీ రాజ్యపు జమాఖర్చుల మీద ముద్ర వేసిన చెయ్యి ఓరుగల్లు నుంచి వచ్చినది. మక్బూల్ సమాధి, ఢిల్లీలో తొలి అష్టకోణ సమాధిగా వాస్తు చరిత్రలో పేరుపొంది, తర్వాతి సయ్యద్, లోదీ కాలపు సమాధులకూ ససారాంలోని షేర్ షా సమాధికీ దారి చూపిన నిర్మాణం, నిజాముద్దీన్ బస్తీలో ఇళ్ల మధ్య చిక్కుకుని ఉంది. ఆయన కుమారుడు జూనాన్ షా కూడా వజీరు పదవి చేపట్టి, ఖిడ్కీ మసీదు వంటి కట్టడాలు నిర్మింపజేశాడు. మక్బూల్ మొదట కొలువు చేసిన మహమ్మద్ బిన్ తుగ్లక్ రాజప్రాసాదంగా పండితులు గుర్తించే బిజయ్ మండల్ శిథిలాలు కాలూ సరాయ్‌ని ఆనుకునే ఉన్నాయి. ఓటమి, బందిఖానా, మతం మార్పు, తిరుగుబాటు, పదవి, నిర్మాణం అన్నీ కలిసిన మక్బూల్ జీవితాన్ని పొగడ్తగానో నిందగానో కుదించడం సులువు. పక్షం వహించకుండా, ఆధారాలతో, రెండు ప్రాంతాల శాసనాలనూ గ్రంథాలనూ పక్కపక్కన పెట్టి చూపగలిగినది మంచి మ్యూజియం ఒక్కటే.

రాజులనూ వజీర్లనూ దాటి వస్తే కనిపించేది పల్లెలు. సరాయ్ అంటే బాటసారులు, వర్తకులు బసచేసే ప్రహరీ గల సత్రం; ఢిల్లీకి వచ్చే దారుల మీద వెలసిన ఇలాంటి బసల పేర్లు లాడో సరాయ్, యూసఫ్ సరాయ్, షేక్ సరాయ్, నేబ్ సరాయ్ అంటూ దక్షిణ ఢిల్లీ అంతటా ఊళ్ల పేర్లుగా నిలిచాయి. 1908లో రెవెన్యూ పటాల మీద పల్లెల నివాస స్థలం చుట్టూ ఎర్రగీత గీశారు; లాల్ డోరా అని పిలిచే ఆ గీత లోపలి భాగం తెలుగు ప్రాంతాల రెవెన్యూ రికార్డుల్లో గ్రామకంఠం అనే దానికి దగ్గరగా ఉంటుంది. 1957లో డీడీఏ ఏర్పడి, 1962లో తొలి మాస్టర్ ప్లాన్ అమల్లోకి వచ్చాక, నగర విస్తరణకు గీత బయటి పొలాలు సేకరణలో పోయాయి. గీత లోపలి ఇళ్లకు భవన నిబంధనల నుంచి దక్కిన మినహాయింపు వల్ల అవి అంతస్తు మీద అంతస్తుగా లేచాయి. 1959లో బ్రిటిష్ రాకుమారుడు ఫిలిప్ శంకుస్థాపన చేసిన ఇంజనీరింగ్ కళాశాల 1961లో మొదలై 1963లో ఐఐటీ అయింది. వ్యవసాయం పోయిన కుటుంబాలకు గదుల అద్దె జీవనాధారమైంది. దేశం నలుమూలల నుంచి వచ్చిన విద్యార్థులకు ఆ గదులే బస అయ్యాయి.

జియా సరాయ్ ఈ మార్పుకు స్పష్టమైన ఉదాహరణ. సీఎస్ఐఆర్ నెట్, గేట్, ఐఐటీ జామ్, ఇంజనీరింగ్ సర్వీసెస్ వంటి పరీక్షలకు శిక్షణ ఇచ్చే కేంద్రాలు, పాత పుస్తకాల అంగళ్లు, చేతిరాత నోట్సును జిరాక్సు తీసి స్పైరల్ బైండింగ్ చేసి అమ్మే దుకాణాలు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు తప్పుకోవలసిన సందులు, ఒక మంచం, ఒక బల్ల, గోడకు ఒక అల్మారా పట్టే గదులు ఇక్కడి రోజువారీ దృశ్యం. మదరసా కింది అంతస్తులో గోడ గూటి ముందు కూర్చుని చదివిన 14వ శతాబ్దపు విద్యార్థికీ, జియా సరాయ్ మూడో అంతస్తులో గోడ అల్మారా ముందు కూర్చుని చదివే నేటి విద్యార్థికీ భాష, మతం, శాస్త్రం, లక్ష్యం అన్నీ వేరు. దూరం నుంచి వచ్చి, చిన్న గదిలో బసచేసి, చదువునే నమ్ముకున్న పరిస్థితి మాత్రం ఒకటే. ఈ ప్రాంతం పేరు చెప్పగానే తినుబండారాల వీధి, రాత్రి దీపాలు మాత్రమే గుర్తుకొస్తున్న రోజుల్లో, ఇది శతాబ్దాలుగా చదువుకు చోటిచ్చిన నేల అని చాటే అవకాశం ఈ మూడు సంస్థల చేతుల్లో ఉంది.

ఇంత చరిత్రకు జన్‌పథ్‌లోని జాతీయ మ్యూజియం సరిపోదా అనే ప్రశ్న రావచ్చు. జాతీయ మ్యూజియం ఒక వస్తువును దాని చోటు నుంచి తెచ్చి, దేశ చరిత్రలో దాని స్థానాన్ని చూపిస్తుంది. స్థానిక చరిత్ర మ్యూజియం పని అందుకు భిన్నమైనది, అది ఒక చోటును ఎక్కడికీ కదిలించకుండా, అక్కడి నీటికీ రాతికీ మనుషులకూ మధ్య ఉన్న సంబంధాన్ని అక్కడే చూపిస్తుంది. చెరువు ఎంత వెడల్పు ఉండేదో పటంలో చూసిన మరుక్షణమే కిటికీలోంచి ఇప్పుడు ఎంత మిగిలిందో చూడగలిగినప్పుడే ఆ పటానికి అర్థం ఉంటుంది. అందుకే ఇది గట్టు మీదే, లేదా గట్టుకు వీలైనంత దగ్గరలోనే ఉండాలి.

నీటి ఒడ్డున ఉన్న పాత భవనాన్ని స్థానిక చరిత్రకు ఇల్లుగా మార్చిన అనుభవం తెలుగు నేలకు కొత్త కాదు. విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద సముద్రానికి ఎదురుగా ఉన్న పాత డచ్చి బంగళాలో 1991 అక్టోబరు 8న నాటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి ప్రారంభించిన విశాఖ మ్యూజియం నగరపాలక సంస్థ ఆధ్వర్యంలో నడుస్తోంది. ఉత్తరాంధ్ర ప్రాంతపు ఆయుధాలు, నాణేలు, పట్టు దుస్తులు, నగలు, చిత్తరువులు, లేఖలు, పాత పటాలు ఒకవైపు, నౌకాదళానికి సంబంధించిన నమూనాలు మరోవైపు అందులో కొలువుదీరాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద దాడి చేసినప్పుడు పడి పేలకుండా మిగిలిన బాంబు తొడుగు అక్కడి ప్రదర్శనల్లో ప్రత్యేకమైనది. రెండో ప్రపంచయుద్ధం గురించి పుస్తకంలో ఎంత చదివినా అది ఎక్కడో జరిగిన యుద్ధంగానే అనిపిస్తుంది. ఆ ఇనుప తొడుగు ముందు నిలబడి, కిటికీ అవతల అదే సముద్రాన్ని చూసిన పిల్లలకు ఆ యుద్ధం తమ ఊరికి కూడా వచ్చిందని తెలుస్తుంది. ఒక నగరపాలక సంస్థ పాత భవనాన్ని కూల్చకుండా, అమ్మకుండా, కార్యాలయంగా మార్చకుండా ఊరి జ్ఞాపకానికి అప్పగించడం వల్ల సాధ్యమైన పని ఇది.

పురావస్తు శాఖకు స్వయంగా ఇలాంటి అనుభవం ఉంది. తవ్వకాల్లో దొరికిన వస్తువులను దొరికిన చోటికి దగ్గరలోనే భద్రపరిచే స్థల మ్యూజియాల సంప్రదాయం సారనాథ్‌లో 1910లోనే మొదలైంది. నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోయే లోయలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, బయటపడిన ఇక్ష్వాకుల కాలపు శిల్పాలను, కొన్ని కట్టడాలను నీటి మధ్య ద్వీపంగా మిగిలిన నాగార్జునకొండ మీదికి చేర్చి మ్యూజియం ఏర్పాటు చేసింది ఆ శాఖే. లాంచీలో వెళ్లి చూసే ఆ మ్యూజియం, నీటి అడుగున ఉన్నదాన్ని నీటి మీద నిలబడి అర్థం చేసుకునే అరుదైన చోటు. చంద్రగిరి కోటలో విజయనగర కాలపు రాజమహలును మ్యూజియంగా మలచింది కూడా అదే శాఖ. ఢిల్లీలో ఎర్రకోటలోని బ్రిటిష్ కాలపు బారకాసులు 2019లో మ్యూజియాలు అయ్యాయి. కశ్మీరీ గేటు దగ్గరి దారా షికో గ్రంథాలయ భవనంలో 2023లో దేశ విభజన మ్యూజియం తెరుచుకుంది. కాబట్టి కోరుతున్నది కొత్త విధానం కాదు, అమల్లో ఉన్న విధానాన్ని హౌజ్ ఖాస్ దాకా తీసుకురావడం.

పరాయి దేశపు అనుభవం నుంచి ఒక్క పాఠం తీసుకోవచ్చు. లండన్‌లో 1802లో పంచదార వంటి సరుకులు దాచడానికి కట్టిన రేవు గిడ్డంగిలో 2003లో లండన్ డాక్లాండ్స్ మ్యూజియం వెలసింది. 2007లో అది, ఆ పంచదార వెనుక ఉన్న బానిస వ్యాపారం గురించి, తమ భవనం కూడా ఆ వ్యాపారపు సొమ్ముతో ముడిపడినదేనన్న నిజాన్ని దాచకుండా, ఒక శాశ్వత ప్రదర్శన ఏర్పాటు చేసింది. హౌజ్ ఖాస్ మ్యూజియానికి కూడా అంతటి నిజాయితీ అవసరం. మదరసా వైభవంతో పాటు ఓరుగల్లు పతనమూ, ఐఐటీ కీర్తితో పాటు పొలాలు వదులుకున్న కుటుంబాల కథా, చెరువు పునరుద్ధరణతో పాటు దాన్ని ఎండనిచ్చిన నిర్లక్ష్యమూ అందులో చోటు చేసుకోవాలి.

చట్టం కూడా ఈ దారినే సూచిస్తోంది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, అక్కడి నుంచి మరో 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతం. నిషిద్ధ ప్రాంతంలో కొత్త నిర్మాణానికి తావు లేదు, ఉన్నవాటి మరమ్మతుకూ పునరుద్ధరణకూ మాత్రం జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థ సిఫారసు మీద అనుమతి లభిస్తుంది. కొత్త భవనం కట్టడానికి వీల్లేని చోట మ్యూజియం రావాలంటే, ఉన్న భవనాన్ని మార్చుకోవడమే మార్గం. మదరసాలోని గదులను గానీ సమాధిని గానీ ప్రదర్శనశాలగా మార్చమని ఈ లేఖ కోరడం లేదు. సున్నపు గోడలకు మేకులు, విద్యుత్ తీగలు, దీపాల వేడి చేటు చేస్తాయని పురావస్తు శాఖకు చెప్పవలసిన పని లేదు. డీడీఏ ఉద్యానవనంలోనో గ్రామపు అంచునో ఇప్పటికే నిలిచి ఉన్న, ప్రాచీనం కాని ఒక భవనాన్ని గుర్తించి మ్యూజియం అక్కడ పెట్టి, మదరసాను అందులోని ప్రధాన ప్రదర్శనగా, కాలిబాటతో కలిపి చూపించడం సముచితం.

ఆ భవనంలో నాలుగు విభాగాలు ఉంటే చాలు. మొదటిది నీటి విభాగం: అల్లావుద్దీన్ నాటి గట్టు రేఖను నేటి పటం మీద గుర్తించి, పూడిక ఎలా చేరిందో, శుద్ధిచేసిన నీరు ఏ మార్గంలో వస్తోందో చూపాలి. రెండోది చదువు విభాగం: మదరసా కింది గది ఒకదాని నమూనా, దాని పక్కనే జియా సరాయ్ గది నమూనా, ఆయా కాలాల పాఠ్య విషయాల వివరాలు ఉండాలి. మూడోది ప్రయాణ విభాగం: సరాయ్‌ల పటం, ఇబన్ బతూతా కథనం, విలస శాసనపు ప్రతిరూపం, మక్బూల్ జీవితరేఖ, ఇక్కడికి వచ్చి చదివి వెళ్లిన వివిధ రాష్ట్రాల విద్యార్థుల కథనాలు చేర్చాలి. నాలుగోది పల్లె విభాగం: లాల్ డోరా పటాలు, భూసేకరణ పత్రాల నకళ్లు, పాత ఇళ్ల ఛాయాచిత్రాలు, నాగలి, నులక మంచం, హుక్కా వంటి వస్తువులు, పెళ్లిళ్లకూ పంటలకూ పాడుకున్న పాటల ధ్వనిముద్రణలు సేకరించాలి. ఈ చివరి విభాగానికి వస్తువులు కొనవలసిన పని లేదు. అడిగి తీసుకుని, ఇచ్చినవారి పేరు పక్కన రాసి, గౌరవంగా చూపిస్తే ఇళ్ల అటకల మీద నుంచి అవే వస్తాయి.

ఖర్చు గురించిన సందేహం సహజమే. 2017లో కేంద్రం మొదలుపెట్టిన 'అడాప్ట్ ఎ హెరిటేజ్' పథకం కింద ప్రైవేటు సంస్థలు కట్టడాల దగ్గర సౌకర్యాల ఏర్పాటులో పాలుపంచుకుంటున్నాయి. ఆ దారిని వాడుకోవచ్చు గాని, ఏ కథ చెప్పాలి, ఎలా చెప్పాలి అనే అధికారం దాతలకు కాక, చరిత్రకారులకూ గ్రామస్థులకూ పురావస్తు నిపుణులకూ దక్కాలి. రద్దీ పెరుగుతుందన్న సందేహానికి సమాధానం, ఇక్కడ రద్దీ ఇప్పటికే ఉందన్నది. వచ్చేవారిలో కొందరినైనా అరగంట ఆపి, తాము నిలబడిన నేల సంగతి చెప్పగలిగితే, గోడల మీద పేర్లు చెక్కే చేతులు కొన్నైనా వెనక్కి తగ్గుతాయి.

కాబట్టి మూడు సంస్థలకూ విజ్ఞప్తులు ఇవి. పురావస్తు శాఖ, డీడీఏ, నగరపాలక సంస్థల ప్రతినిధులతో, హౌజ్ ఖాస్, జియా సరాయ్ తదితర గ్రామాల పెద్దలతో, మహిళలతో, చరిత్ర బోధించే అధ్యాపకులతో ఒక ఉమ్మడి సంఘం ఏర్పాటు చేయాలి. చెరువు చుట్టూ మూడు వందల మీటర్ల పరిధిలో ప్రభుత్వ ఆధీనంలో ఉన్న కట్టడాల జాబితా తయారుచేసి, అనువైనదాన్ని గుర్తించి, ఆ జాబితాను ప్రజల ముందు పెట్టాలి. ప్రదర్శన వివరాలు హిందీ, ఇంగ్లీషుతో పాటు ఉర్దూ, పంజాబీ, తెలుగు వంటి భాషల్లోనూ ఉండాలి. ఓరుగల్లు నుంచి వచ్చిన వజీరు కథను తెలుగులో చదివే హక్కు ఆ నేల నుంచి వచ్చిన పిల్లలకు ఉండాలి. ఐఐటీ, జేఎన్‌యూ విద్యార్థులకూ, శిక్షణ కేంద్రాల్లో చదివేవారికీ ప్రవేశం ఉచితంగా కల్పించి, వారిలో ఆసక్తి ఉన్నవారికి సందర్శకులకు వివరించే శిక్షణ ఇవ్వాలి. నిజాముద్దీన్‌లోని ఖాన్-ఎ-జహాన్ సమాధి పరిస్థితిని కూడా పరిశీలించి, అందులో నివసించేవారికి అన్యాయం జరగకుండా దాన్ని కాపాడే ఏర్పాటు చేయాలి.

వీటిలో అన్నిటికన్నా ముందు చేయవలసిన పని భవనం కోసం ఆగనక్కరలేనిది. సేకరణకు ముందు ఈ పల్లెల్లో పొలాలు దున్నినవారు, చెరువు గర్భం ఎండి ఉన్న రోజులు చూసినవారు, తొలి తరం విద్యార్థులకు గదులు అద్దెకిచ్చినవారు ఇప్పుడు వృద్ధులు. వారు చెప్పే మాటలను ధ్వనిముద్రణ చేయడానికి ఒక చిన్న బృందం, కొద్దిపాటి నిధులు చాలు. సుల్తానుల చరిత్ర శాసనాల్లో, గ్రంథాల్లో నిలిచి ఉంది గనుక ఇంకో దశాబ్దం ఆలస్యమైనా దొరుకుతుంది, పల్లెల చరిత్ర మాత్రం మనుషుల్లోనే ఉంది గనుక వారితో పాటే వెళ్లిపోతుంది. ఫిరోజ్ షా పూడిక తీయించినట్టు, రెండు దశాబ్దాల క్రితం చెరువుకు మళ్లీ నీరు తెచ్చినట్టు, ఈ మాటల సేకరణ కూడా ఈ సంవత్సరమే మొదలు కావాలని, మ్యూజియానికి అదే తొలి సంపద కావాలని ఈ లేఖ సవినయంగా, గట్టిగా కోరుతోంది.

ఇట్లు,
జియా సరాయ్‌లో చదువుకున్న, చదువుకుంటున్న తెలుగువారి పక్షాన
న్యూఢిల్లీ